ముందుగా దిగే మనిషి

మొన్న మా మనవడి బాప్తిస్మం నెల్లూరులో జరిగింది. గుడి కొత్తది. వేదిక కిందే తొట్టి కట్టి, నీలం పెంకులు పరిచి, మెట్ల పక్కన పట్టుకోవడానికి స్టీలు గొట్టాలు కూడా పెట్టారు. పాస్టరుగారు దిగేముందు ఒక కుర్రవాడు వచ్చి, వంగి, చూపుడువేలు నీళ్ళలో ముంచి చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. మరీ చల్లగా ఉన్నాయేమోనని చూశాడట. నాకు నవ్వొచ్చింది. పక్కనున్న కోడలు "ఏందత్తా" అంది. ఏం చెప్పను? నీళ్ళను వేలితో చూడరమ్మా, పాదంతో చూస్తారు అని చెప్పాలంటే మా మేనత్త గురించి మొదలుపెట్టాలి. ఆమె గురించి మొదలుపెడితే ఆరాధన ముగిసి బిరియానీ వడ్డించేదాకా నేను ఆగను. అందుకని ఊరుకుని, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

పేరు రాయను. ఆమెకు పేర్లు రాసుకోవడం గిట్టదు. మా పల్లె గుడికి ఒక పెద్దమనిషి గోడగడియారం ఇచ్చి, దాని అద్దం మీద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు తెల్లరంగుతో రాయించాడు. టైము తెలియాలంటే ఆ అక్షరాల సందుల్లో ముళ్ళను వెతుక్కోవాల్సి వచ్చేది. మరుసటి ఆదివారం ఆమె అందరికంటే ముందొచ్చి, స్టూలెక్కి, గుల్లచిప్పతో ఆ రంగంతా గీకేసింది. పెద్దమనిషి అలిగాడు.

"గడియారం టైము చెప్పాల. నీ పేరు చెప్పేదానికి నువ్వు ఉండావు గదా" అంది ఆయనతో.

ఊళ్ళో అందరూ ఆమెను అక్కా అనేవాళ్ళు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళూ అక్కా అనే పిలిచేవాళ్ళు, పాస్టరుగారితో సహా. నేనొక్కదాన్నే అత్తా అనేదాన్ని. మా నాయనకు పెద్దక్క ఆమె. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే దడికి అటూ ఇటూ. ఆ పిలుపు నా ఒక్కదానిదేనని చిన్నప్పుడు గర్వంగా ఉండేది. డెబ్బై దాటాక కూడా ఆ గర్వం తగ్గలేదు.

మా పల్లె తోటపల్లి గూడూరుకూ కృష్ణపట్నానికీ మధ్య, పడవల కాలువ గట్టున ఉండేది. ఆ కాలువలో మద్రాసుకు సర్వి, అంటే సరుగుడు కట్టెలు, ఉప్పు, గుల్ల పోయేవి. ఆమె పని గుల్ల తీయడం. సముద్రం వెనక్కి తీసి కాలువలో నీళ్ళు తగ్గినప్పుడు నడుములోతు దిగి, పాదాలతో అడుగు తడుముతూ నడిచేది. గుల్ల తగలగానే కాలివేళ్ళతో పట్టి పైకెత్తి గంపలో వేసేది. నడుము వంచేది కాదు. గట్టు మీద నుంచి చూస్తే పనీపాటా లేని మనిషెవరో నీళ్ళలో షికారు చేస్తున్నట్టు ఉండేది. ఆ గుల్లను బట్టీలో కాల్చి సున్నం చేసేవాళ్ళు. నెల్లూరులో ఎన్ని మేడలకు ఆ సున్నం పూశారో నాకు తెలియదు గానీ, ఇప్పటికీ పాత తెల్లగోడ కనపడితే మా అత్తదేమోనని ఒకసారి చేత్తో తాకుతాను.

గుడికి బెంచీలు వచ్చాక కూడా ఆమె పడమటి వాకిలి దగ్గర చాప మీదే కూర్చునేది, పాదాలు చీర కిందికి ముడుచుకొని. ఆ పాదాల నిండా గాట్లు. వాటిని దాచుకోవడానికే అలా కూర్చుంటుందని నేననుకునేదాన్ని. ఒకసారి అడిగేశాను.

"సిగ్గేంది పాపా. బయట వడ్లు ఎండబోసినోళ్ళంతా లోపల కూర్చోని పాటలు పాడతా ఉండారు. మబ్బు పడతా ఉందో లేదో ఎవురన్నా చూడాలా వద్దా" అంది.

ప్రార్థనలో కళ్ళు మూసుకునేది కాదు. మా నాయనమ్మ చెప్పి చెప్పి విసిగిపోయింది. చివరికి పాస్టరుగారే ఒక రోజు మెత్తగా అడిగారు.

"మీరంతా మూసుకున్నారు గదయ్యా. ఒక్కరన్నా తెరుచుకోని ఉండాల గదా" అంది.

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆమె కళ్ళు తెరుచుకుందని ఆయనకెట్లా తెలిసిందని మాలో ఎవరూ అడగలేదు.

ఆమె ప్రార్థన చేయాల్సి వచ్చినప్పుడు అది ఒక్క ముక్కలో అయిపోయేది. "దేవా, చూస్తానే ఉండావు గదా. ఆమేన్." బుధవారం ఇళ్ళల్లో జరిగే ప్రార్థన కూటాల్లో పిల్లలమంతా ఆమె వంతు రావాలని కోరుకునేవాళ్ళం. మిగతావాళ్ళు మొదలుపెడితే ఆదాము దగ్గర నుంచి రావాలి.

అయితే ఆమె అసలు పదవి గుడిలో కాదు, కాలువలో. మా సంఘంలో బాప్తిస్మాలు కాలువ రేవులోనే జరిగేవి. మునగడానికి నడుములోతు కావాలి. ఎగువన రాళ్ళు, దిగువన గుల్ల మేట, మధ్యలో ఆ రేవు ఒక్కటే మెత్తటి ఇసుక. అదైనా నీళ్ళు పోయేకొద్దీ అటూ ఇటూ జరుగుతుంది. అందుకని ముందురోజు ఆమె దిగి, అడుగు చూసి, మంచిచోట రెండు సర్వి కర్రలు నాటేది. ఆదివారం అందరూ తెల్లబట్టలతో గట్టు మీద పాట పాడుతుంటే, ఆమె ఒక్కతే మళ్ళీ దిగి, ఆ కర్రల మధ్య నాలుగుసార్లు నడిచి, గట్టు వైపు తిరిగి "రాండి" అనేది. ఆ మాట వినేదాకా పాస్టరుగారు పంచె ఎగ్గట్టేవారు కాదు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. ఇరవై ఏళ్ళుగా నడుస్తూ వచ్చింది, అంతే. ఆ ఇరవై ఏళ్ళలో ఒక ముసలమ్మ కాలు కూడా జారలేదు.

అంత ప్రతిష్ఠ ఉన్న మనిషికి ఇంట్లోనే ఒక లోటు ఉండేది. మా మామ, ఆమె భర్త, గుడికి వచ్చేవాడు కాదు. ఆయన కట్టెల పడవ నడిపేవాడు. మద్రాసుకు పోయి రావడానికి పన్నెండు పదమూడు రోజులు పట్టేది. మంచివాడు, మాట తక్కువ. పాస్టరుగారు వస్తే లేచి మంచం వేసేవాడు. గుడి మాట ఎత్తితే మాత్రం ఒకటే జవాబు.

"మీ దేవుడితో నాకేం పేచీ లేదయ్యా. మీ జనంతోనే. పడవ మీద అబద్ధమాడితే పడవ మునుగుతాది. గుడిలో ఆడితే ఏం గాదు."

అత్త ఈ మాటకు ఎన్నడూ వాదన పెట్టుకోలేదు. ఆయన వినేట్టు ప్రార్థనలూ చేయలేదు. ఆదివారం అన్నం వండి మూతపెట్టి, గుడికి పోయేది, వచ్చేది. అలా ఇరవై ఏళ్ళు. ఎదురుచూడటం ఆమె పనిలోనే ఉందనుకుంటాను. సముద్రం ఎప్పుడు వెనక్కి తీస్తుందా అని గట్టు మీద కూర్చునే మనిషి కదా.

పందొమ్మిదివందల అరవై రెండో, అరవై మూడో, సరిగా గుర్తులేదు. అక్టోబరు నెల. ఎడగారు పంట వడ్లు ఇళ్ళకు చేరాయి. మొదటి వారం గుడికి సున్నం కొట్టడం. స్త్రీల సమాజం వాళ్ళంతా కుంచెలు పట్టుకొని దిగారు. అత్త తొట్టిలో సున్నం కలుపుతోంది. అప్పుడొచ్చాడు మామ, భుజాన తువ్వాలుతో, గుడి వాకిట్లోకి. నేను నిచ్చెన పట్టుకొని ఉన్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"ఈసారి బాప్తిస్మానికి నా పేరు కూడా రాసుకోమని అయ్యగారికి చెప్పు" అన్నాడు.

అత్త చేతిలో కర్ర ఆగింది. ఆయన వెళ్ళబోయి, మళ్ళీ తిరిగాడు.

"ఒకసారి వస్తా. ఏదన్నా అయ్యి ఆగిపోతే రెండోసారి పిలవబాక."

ఆమె సరేనని తల ఊపి, మళ్ళీ సున్నం కలపడం మొదలుపెట్టింది. ఆ రోజు సున్నం ఎంతసేపు కలిపిందో, వెన్న మాదిరి వచ్చింది. గుడి గోడలు అంత తెల్లగా ఇంకెప్పుడూ లేవు.

రెండో ఆదివారం బాప్తిస్మాలని నిర్ణయించారు. సోమవారం మామ పడవ మద్రాసుకు కదలాలి. పేర్లు ఇచ్చినవాళ్ళం పన్నెండుమందిమి. నాకు పదిహేనేళ్ళు. మా అమ్మ తెల్లచీర మడత విప్పి నాకిచ్చింది. నెల్లూరు నుంచి ఒక పేరున్న బోధకుణ్ణి పిలిపించారు. యువకులు గట్టు మీద కొబ్బరాకు పందిరి వేశారు. మూడు పొయ్యిల మీద సాంబారు, అన్నం. చుట్టుపక్కల నాలుగు పల్లెల జనం వచ్చారు, సగంమంది మామను చూడటానికే. ఆయన బాప్తిస్మం తీసుకుంటాడంటే సంఘంలో చాలామంది నమ్మలేదు.

శనివారం అత్త కర్రలు నాటింది. శనివారం సాయంత్రం పట్టుకున్న వాన తెల్లవారేదాకా కురిసింది. ఆదివారం ఎండ వచ్చింది. కాలువ నీళ్ళు కాస్త ఎర్రబడ్డాయంతే, కర్రలు నాటినచోటే నిలబడి ఉన్నాయి. మేము వరసగా నిలబడ్డాం. మామ అందరికంటే చివర, కొత్త తెల్లపంచె కట్టుకొని, చేతులు కట్టుకొని. పాట మొదలైంది. అత్త నీళ్ళలోకి దిగింది.

మొదటిసారి నడిచింది. రెండోసారి నడుస్తూ మధ్యలో ఆగింది. పాదం పక్కకు జరిపింది, వెనక్కి తీసింది, మళ్ళీ జరిపింది. పాట అయిపోయింది. మళ్ళీ మొదటి చరణం అందుకున్నారు. అదీ అయిపోయింది. ఆమె నీళ్ళ వైపే చూస్తూ నిలబడి ఉంది. ఆ నిలబడటంలో ఆమె ఏం లెక్క వేసుకుందో ఎవరికైనా తెలుస్తుంది. ఇరవై ఏళ్ళు ఒక వైపు, ఒక్క మాట ఒక వైపు. తర్వాత గట్టు వైపు తిరిగింది.

"ఈ పొద్దు గాదు" అంది.

గట్టు మీద గుసగుసలు లేచాయి. పాస్టరుగారు నీళ్ళ అంచుదాకా వచ్చారు.

"అక్కా, నీళ్ళు మామూలుగానే ఉండాయి గదా?"

"పైన మామూలే. కింద ఇసక పోయింది. ఈడ గొయ్యి పడింది, పక్కన అడుసు. ముసలోళ్ళు ఉండారు, పిల్లలు ఉండారు. ఈ పొద్దు గాదు."

నెల్లూరు బోధకుడు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ప్రభువు కాపాడతాడు. విశ్వాసంతో దిగుదాం."

"ఆయన కాపాడబట్టే నా కాలికి తగిలింది" అంది అత్త. "దిగేవాళ్ళు దిగండి. నేను మాత్రం రమ్మనలేను."

ఎవరూ దిగలేదు. ఆమె రమ్మనకుండా ఆ నీళ్ళలో కాలు పెట్టడం ఎవరికీ అలవాటు లేదు. అప్పుడు అందరి తలలూ మామ వైపు తిరిగాయి. ఆయన కట్టుకున్న చేతులు విప్పి, తువ్వాలు భుజాన వేసుకొని, గట్టు వెంబడి ఇంటికి నడిచాడు. నడుములోతు నీళ్ళలో నిలబడి అత్త ఆయన మలుపు తిరిగేదాకా చూసింది.

వండిన అన్నం ఎట్లాగూ వండారు కదా, అందరూ కూర్చుని తిన్నారు. కోపంగా తిన్నా, బాగానే తిన్నారు. అప్పుడు నాకూ కోపమే. చీర కూడా తడవకుండా ఇంటికి పోవడం ఎంత నామోషీ! ఒక్క మాట అనేస్తే పోయేది, పట్టుకొని జాగ్రత్తగా దిగేవాళ్ళం, మామ బాప్తిస్మం అయిపోయేది అనుకున్నాను. సాయంత్రం దడి దాటి వెళ్ళేసరికి ఆమె ఆ తెల్లపంచె మడిచి ట్రంకుపెట్టెలో పెడుతోంది. ఏడ్చినట్టు తెలుస్తూనే ఉంది.

"అత్తా, మామ మళ్ళీ వస్తాడా?"

"పిలవనని మాటిచ్చినాను. పిలవను."

"ఒక్క మాట అని ఉంటే..."

"గొయ్యి నా కాలికి తగిలింది పాపా. తగల్లేదని ఎట్ట చెప్పేది" అంది, పెట్టె మూత వేస్తూ.

సోమవారం పొద్దున మామ పడవ కదిలింది. నేనూ అత్తా గట్టు మీద ఉన్నాం. పడవ రేవు దాటేటప్పుడు, ఆ రెండు కర్రల మధ్యకు రాగానే, ఆయన గెడకర్ర నీళ్ళలోకి దించాడు. మామూలుగా అక్కడ గెడ సగం కూడా మునగదు. ఆ రోజు ఆయన చేతులదాకా దిగిపోయింది. ఆయన దాన్ని పైకి లాగి, నీళ్ళు విదిలించి, మా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇంకో నలుగురు కూడా చూశారు. దానితో నా కోపం పోయింది. ఊరి కోపం మాత్రం అంత తొందరగా పోలేదు. నెల్లూరు బోధకుడి ముందు పరువు పోయిందని బాధ.

ఆ బుధవారం కూటం మా ఇంట్లోనే. ఒక పెద్దావిడ పొడుగ్గా ప్రార్థన చేస్తూ, "తొందరపడి నీ పనికి అడ్డమొచ్చిన మా అక్కను క్షమించు తండ్రీ" అంది. అందరూ ఆమేన్ అన్నారు. అత్త అనలేదు.

"ఆ ముక్కకు నేను ఆమేన్ అనను. మిగతాదానికి ఆమేన్" అంది, కళ్ళు తెరుచుకునే.

మా నాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు నవ్వు రాలేదు. ఆమె ఎప్పటిలాగే చాప మీద, పాదాలు ముడుచుకొని కూర్చుని ఉంది. ఇల్లంతా ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు. ఇంత ధైర్యం మా రక్తంలో ఉందా అని ఆశ్చర్యపోయాను. ఆ రోజు నుంచి నాలో పిరికితనం కనపడ్డప్పుడల్లా ఆ చాప గుర్తొస్తుంది.

నెలాఖరు ఆదివారం మళ్ళీ పెట్టారు. ఈసారి పందిరి లేదు, బోధకుడు లేడు. శనివారం మధ్యాహ్నం మామ పడవ తిరిగొచ్చింది. ఆయన తిన్నాడు, పడుకున్నాడు. అత్త పోయి కర్రలు నాటి వచ్చింది, మునుపటి చోటికి పది బారల దిగువన. ఇద్దరి మధ్యా ఆ మాటే రాలేదని మా అమ్మ దడి ఇవతల నుంచి నిఘా వేసి మరీ తేల్చింది.

ఆదివారం తెల్లచీర కట్టుకొని బయలుదేరుతూ దడి మీదుగా చూశాను. అత్త అప్పటికే రేవుకు వెళ్ళిపోయింది. ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. మామ తెల్లపంచె కట్టుకుంటున్నాడు. పరుగెత్తుకెళ్ళి చెప్పాలనిపించింది. కానీ నేను చెప్పడం కంటే ఆమె చూడటం బాగుంటుందని మెల్లగా నడిచాను.

మేము చేరేసరికి అత్త నీళ్ళలో ఉంది, మాకు వీపు పెట్టి. నాలుగుసార్లు నడిచింది. ఈలోపు మామ వచ్చి, వరస చివర కాకుండా అందరికంటే ముందు, పాస్టరుగారి పక్కనే నిలబడ్డాడు. అత్త గట్టు వైపు తిరిగింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

మళ్ళీ గొయ్యేమోనని జనం హడలిపోయారు. పాస్టరుగారి ముఖం పాలిపోయింది.

"రాండి" అంది అప్పుడు.

నీళ్ళలో నిలబెట్టి ప్రతివాళ్ళనూ సాక్ష్యం చెప్పమనడం మా దగ్గర వాడుక. మేమంతా బాప్తిస్మానికి ముందు జరిగే తరగతిలో నేర్చుకున్న మాటలు బట్టీపట్టాం. మామ ఏ తరగతికీ రాలేదు. పాస్టరుగారు "ఏం చెప్తావన్నా" అని అడిగారు. ఆయన నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ పొద్దు నీళ్ళు బాగలేవని గట్టు మీద నుంచే నాకు తెలుసు. సుడి చూస్తే తెలుస్తాది. ఈమె చెప్తాదో లేదో చూద్దామని నిలబడినాను. చెప్పకపోయుంటే నేనే ఆపి, ఇంటికి పోయుండేవాణ్ణి, మళ్ళీ గుడి గడప తొక్కకుండా. ఇరవై ఏళ్ళు నాకోసం కాచుకున్న మనిషి, నేను ముందర నిలబడి ఉండంగానే, కాదని చెప్పింది. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదయ్యా."

పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ప్రార్థిద్దాం" అన్నారు. గట్టు మీద అందరూ తలలు వంచారు.

కర్ర పట్టుకొని, నడుములోతు నీళ్ళలో, మా అత్త కళ్ళు మూసుకుంది. ప్రార్థన అయ్యేదాకా తెరవలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కరన్నా తెరుచుకొని ఉండాలి గదా.